గుడ్డ కప్పే కయాక్‌కి సరుకు: విశాఖలో ఏది కొనాలి, ఏది వదిలెయ్యాలి

గుడ్డ కప్పే కయాక్ అంటే ఒక్కరు కూర్చుని తెడ్డేసే సన్నటి పడవ: పొడవు పదహారు అడుగులు, బరువు 16 కిలోల చుట్టూ. భీమిలిలో బండి దిగి, ఒక్కరే భుజానికెత్తుకుని గోస్తనీ ఒడ్డుదాకా నడిచి వెళ్లొచ్చు. అంతే పొడవున్న ఫైబర్ కయాక్ మామూలుగా 25 కిలోల దాకా తూగుతుంది. తేడా అంతా కట్టే పద్ధతిలో ఉంది: సన్నటి చెక్క చట్రం, దాన్ని బిగించి పట్టే దారం, పైన ఒంటిపొర గుడ్డ, గుడ్డకి నీళ్లు దిగని పూత. గ్రీన్‌లాండ్‌లో ఇన్యూట్ ప్రజలు, చెట్లు సరిగ్గా ఎదగని చోట, సముద్రం కొట్టుకొచ్చిన కర్రతోనూ సీల్ తోలుతోనూ ఇవే పడవలు కట్టుకుని వేటకెళ్లారు.

మన తీరానికీ ఈ ఆలోచన కొత్తేం కాదు. కోరమాండల్ తీరంలో తిరిగిన మాసులా పడవల్ని మేకు అన్నది లేకుండా, పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టి కట్టేవారు. ఒడ్డున విరిగే అలల్లో మేకు కొట్టిన పడవ కీళ్లు వదులై పగులుతుంది. కుట్టిన పడవ కాస్త ఒంగి సర్దుకుంటుంది. కయాక్ చట్రం కూడా అలాగే నిలుస్తుంది. కాబట్టి సరుకు కొనేటప్పుడు చూడాల్సింది ఒక్కటే: ఒంగాలి, విరక్కూడదు, తిరిగి యథాస్థితికి రావాలి. గట్టిదనం, ఖరీదు, చెక్క పేరు ఇవన్నీ తర్వాతి మాట. ముడులున్న టేకు బద్ద కంటే పోగు, అంటే చెక్క నార, నిటారుగా ఉన్న మామూలు పైన్ బద్ద అలల్లో ఎన్నో రెట్లు నమ్మకమైనది.

ఇక్కడి లెక్కలన్నీ 4.9 మీటర్ల పొడవు, 58 సెంటీమీటర్ల వెడల్పు ఉండి, 60 నుంచి 80 కిలోల మనిషిని మోసే పడవకి. భాగాల పేర్లు ముందే అనుకుందాం. రెండు పక్కలా పొడవునా ఉండేవి పై అంచు బద్దలు, అంటే గన్నెల్స్. అడుగున మధ్యలో వెన్ను బద్ద, దానికి అటూ ఇటూ మూల బద్దలు. వీటి మీదుగా యూ ఆకారంలో వంగి, రెండు కొసలూ పై అంచుల్లోకి దూరేవి రిబ్బులు. పై అంచుల్ని దూరం చెదరకుండా పట్టుకునేవి అడ్డకర్రలు. కూర్చునే నోటి చుట్టూ ఉండే రింగు కోమింగ్. దానికి ముందు, తొడలు ఆనే వంపు అడ్డకర్రని మసిక్ అంటారు.

ముందు పద్ధతి తేల్చుకోండి

ఆవిరిలో వంచిన రిబ్బులతో కట్టడం ఒక పద్ధతి. ప్లైవుడ్‌లో అడ్డుకోత ఆకారాలు కోసి, వాటి గాడుల్లో బద్దలు పెట్టి దారంతో కట్టడం రెండోది. మొదటిది తేలిక, మెత్తగా ఒంగుతుంది, కానీ వంగే చెక్క దొరకాలి. రెండోదానికి రిబ్బుల బెడద లేదు, వారాంతాల్లో కొంచెం కొంచెంగా కట్టుకోవచ్చు, రెండు మూడు కిలోలు బరువు పెరుగుతుంది. వడ్రంగం చేతకానివాళ్లకి, మంచి వెదురు సంపాదించలేనివాళ్లకి ప్లైవుడ్ పద్ధతే మా సలహా. మిగతావాళ్లు రిబ్బుల పద్ధతికి వెళ్లండి, దాని ఒడుపు వేరు.

ప్లైవుడ్ పద్ధతికి కావాల్సింది తక్కువే: 12 మిల్లీమీటర్ల ప్లైలో ఐదారు ఆకారాలు, రెండు కొసల ముక్కలు. 8 అడుగులకి 4 అడుగుల షీటులో సగం చాలు. ప్లైకి ఐఎస్ 710 ముద్ర ఉండాలి, మెరైన్ రకం అంటే అదే. ఐఎస్ 303 ముద్రవి ఇంటి ఫర్నిచర్‌కి బాగుంటాయి, ఉప్పునీటి పడవకి వద్దు. షాపువాడి మాట కంటే అంచు చూడటం ముఖ్యం: పొరల మధ్య ఖాళీలు, పుట్టీ నింపిన చోట్లు కనిపిస్తే ఆ షీటు పక్కన పెట్టండి. బద్దలు కూర్చునే గాడి సరిగ్గా ఆ ఖాళీ మీద పడితే, కట్టు బిగించినప్పుడే అంచు నలిగిపోతుంది. ఐఎస్ 710 ప్రమాణంలో 72 గంటలు ఉడకబెట్టే పరీక్ష ఉంది. ఇంట్లో ఒక ముక్కని ఏడెనిమిది గంటలు ఉడికించి, ఆరాక ఉలి మొనతో పొరలు లేపి చూస్తే నకిలీ సరుకు అక్కడే బయటపడుతుంది.

పొడుగు బద్దలకి చెక్క

మొత్తం చట్రానికి ఎంత చెక్క పడుతుందో ముందు లెక్క. పై అంచు బద్దలు రెండు, ఒక్కోటి 4.9 మీటర్లు, 20 × 60 మిల్లీమీటర్లు. వెన్ను బద్ద 4.5 మీటర్లు, 20 × 30. మూల బద్దలు రెండు, అంతే పొడవు, 18 × 25. అడ్డకర్రలు ఎనిమిది దాకా, మధ్యలోవి అర మీటరు పైచిలుకు, 20 × 40. రిబ్బులు 28, ఒక్కోటి 80 నుంచి 95 సెంటీమీటర్లు, 6 × 18. అన్నీ కలిపితే 0.025 ఘనపు మీటర్ల లోపు, అంటే ఒక ఘనపుటడుగు కూడా నిండదు. అయినా కొనేది రెండు ఘనపుటడుగులకి తక్కువ వద్దు. రంపం తినేది, చిత్రికలో పోయేది, ముడులని పక్కన పెట్టేది కలిసి సగం పోతుంది.

పై అంచు బద్ద 60 మిల్లీమీటర్ల ఎత్తు ఎందుకంటే, దాని అడుగు నుంచి రిబ్బు కన్నాలు పైకి వస్తాయి, లోపలి పక్క నుంచి అడ్డకర్రల కన్నాలు వస్తాయి. 45కి తగ్గిస్తే రెండూ ఒకదాన్నొకటి తాకుతాయి, బద్ద అక్కడే చీలుతుంది. 20 మిల్లీమీటర్ల మందం కూడా లెక్కే: మధ్యలో 6 మిల్లీమీటర్ల కన్నం తొలిస్తే అటూ ఇటూ 7 చొప్పున మిగలాలి.

బరువు తూచడం తేలిక. ఎంచుకున్న చెక్క నుంచి 20 × 60 కొలతలో 30 సెంటీమీటర్ల ముక్క కోయించండి. అది 360 ఘన సెంటీమీటర్లు. వంటింటి త్రాసు మీద 160 నుంచి 190 గ్రాములు తూగితే మనకి కావాల్సిన సాంద్రత, ఘనపు మీటరుకి 450 నుంచి 530 కిలోలు. ఈ చెక్కతో చట్రం 13 కిలోల్లోపు తేలుతుంది. అదే ముక్క 235 గ్రాములు తూగిందంటే అది మంచి టేకు బరువు, చట్రం 16 కిలోలు అవుతుంది. 300 దాటితే పడవ సంగతి మర్చిపోయి తలుపు చెయ్యించుకోండి.

డిపోల్లో ఎదురయ్యే చెక్కల గురించి మా అభిప్రాయం ఇది.

దిగుమతి పైన్ విశాఖలో సులువుగా దొరుకుతుంది, బరువు సరిపోతుంది, పని తేలిక. చిక్కల్లా ముడులు, తొందరగా కుళ్లే గుణం. ముడులు లేని బద్దలు ఏరుకుని, మూడు పూతలు వార్నిష్ కొట్టి, పడవని నీడలో ఆరబెట్టుకుంటే ఇబ్బంది లేదు. ప్యాకింగ్ పెట్టెల పైన్ వాడదలిస్తే ముద్ర చూడండి: హెచ్‌టీ అంటే వేడితో శుద్ధి చేసినది, వాడుకోవచ్చు. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ పట్టించినది, ముట్టుకోవద్దు. పెట్టె పైన్ పొట్టిగా ఉంటుంది కాబట్టి అడ్డకర్రలకి మాత్రమే పనికొస్తుంది. తలుపుల పనికి తెప్పించిన డగ్లస్ ఫర్ ఎక్కడైనా తగిలితే వదలకండి. పొడుగ్గా, ముడుల్లేకుండా దొరికే చెక్కల్లో పై అంచులకి దాన్ని మించినది లేదు.

గుమ్మడి టేకు మన చెక్కల్లో మాకు బాగా నచ్చినది. తేలిక, ఆరాక వంకర తిరగదు, పైన్ కంటే తేమని బాగా తట్టుకుంటుంది. కానీ చెట్టు తిన్నగా పెరగదు, ఎనిమిది అడుగులకి మించి నిటారు బద్ద దొరకడం కష్టం. అతుకు వేసుకోక తప్పదు.

టేకు విషయంలో కొత్త చెక్క కంటే పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలు, ద్వారబంధాలు నయం. చేవ నిండుగా ఉంటుంది, ఏళ్ల తరబడి ఆరి ఉంటుంది. కోయించే ముందు అయస్కాంతం పెట్టి విరిగిన మేకుల కోసం వెతకండి, లేకపోతే సామిల్లు వాళ్ల రంపం పోతుంది. టేకులో నూనె ఉంటుంది కాబట్టి జిగురు రాసే ముందు అసిటోన్‌తో తుడిచి, అది ఆరిన వెంటనే అతికించాలి. ఒక పూట ఆగితే నూనె మళ్లీ పైకొస్తుంది. కుర్ర తోటల టేకులో తెల్ల చెక్క ఎక్కువ, దాన్ని పురుగు వదలదు.

సరుగుడు నిటారుగా, చవగ్గా, ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది, అందుకే చాలామందికి ఆశ పుడుతుంది. నీళ్లలా బరువు, ఆరేటప్పుడు నిలువునా చీలుతుంది. వద్దు. వేపలో పోగు మెలికలు తిరిగి ఉంటుంది, సన్నగా కోస్తే ఎటు విరుగుతుందో తెలీదు. మామిడి తడిలో నిలవదు. అరకు కాఫీ తోటల్లో నీడకి పెంచే సిల్వర్ ఓక్ గురించి ఒక హెచ్చరిక: విదేశీ పుస్తకాలు రిబ్బులకి వైట్ ఓక్ వాడమంటాయి, ఆ మాట పట్టుకుని ఇక్కడ సిల్వర్ ఓక్ కొంటున్నారు. రెండిటికీ చుట్టరికం లేదు. సిల్వర్ ఓక్ అడ్డకర్రలకి సరే, ఆవిరిలో వంచే రిబ్బులకి కాదు.

పోగు చూడటం

ఏ చెక్కైనా చివరికి తేల్చేది పోగు, వడ్రంగులు గ్రెయిన్ అనేది. పలక వెడల్పు మీద కనిపించే అందమైన గీతల్ని చూసి మోసపోకండి, అవి ఏడాది వలయాల గీతలు. పోగు నిజంగా ఎటు పోతోందో తెలియాలంటే పలక పక్క అంచుని చిత్రికతో ఒకసారి నున్నగా లాగి, ఫౌంటెన్ పెన్ను సిరా ఒక చుక్క వెయ్యండి. అర నిమిషంలో సిరా పోగు వెంట సన్నటి మీసంలా పాకుతుంది. ఆ మీసం అంచుకి సమాంతరంగా ఉంటే మంచిది. 15 సెంటీమీటర్ల పొడవులో 1 సెంటీమీటరు కంటే ఎక్కువ పక్కకి జరిగితే ఆ బద్ద పొడుగు పనులకి వద్దు. రిబ్బులకైతే 20కి 1 దాటకూడదు. చుక్కలు ఒక్కచోటే కాకుండా మీటరుకి ఒకటి చొప్పున వేసి చూడండి, పోగు మధ్యలో దిశ మార్చుకునే పలకలు చాలా ఉంటాయి.

ముడులు: పై అంచు బద్దల మధ్య మూడో వంతులో ఒక్కటి కూడా ఉండకూడదు. కొసల వైపు పెన్సిల్ మందం ముడి ఒకటి రెండు ఉంటే, అది అంచుని తాకనంత వరకు ఫర్వాలేదు. కోయించిన బద్దని రెండు కొసలూ పట్టుకుని మెల్లగా వంచి పక్క నుంచి చూడండి. వంపు ఒకే తీరుగా రావాలి. ఎక్కడైనా మోచేయిలా కోణం కనిపిస్తే అక్కడ చెక్క మెత్తన లేదా ముడి దాగుంది. పై అంచు బద్దలు రెండూ ఒకే పలక నుంచి, పక్కపక్కన కోసినవై ఉండాలి. వేర్వేరు పలకలవైతే ఒకటి ఎక్కువ ఒంగి, ఇంకోటి తక్కువ ఒంగి, పడవ అరటికాయలా వంకర వస్తుంది. ఎంత తెడ్డేసినా ఒక పక్కకే లాగుతుంది, తర్వాత సరిచేసే దారి లేదు.

పొడవు చాలకపోతే ఏటవాలు అతుకు. మందానికి పది రెట్లు: 20 మిల్లీమీటర్ల బద్దకి 200 మిల్లీమీటర్ల ఏటవాలు. జిగురు ఎపాక్సీ, నెమ్మదిగా గట్టిపడే రకం. ఐదు నిమిషాల్లో పట్టే ఎపాక్సీ తేమలో మెత్తబడుతుంది, అతుకుకి వాడొద్దు. అతుకుని మరీ గట్టిగా బిగిస్తే జిగురంతా బయటికి పోతుంది, అంచులో సన్నటి గీతలా ఉబికితే చాలు. రెండు పక్కల అతుకులూ ఎదురెదురుగా రాకుండా, కూర్చునే చోటికి దూరంగా, ఒకటి ముందు ఒకటి వెనక వెయ్యండి.

రిబ్బులు: వెదురే దిక్కు, మంచి దిక్కే

దొరకడానికి అన్నిటికంటే కష్టమైనది ఇదే, అందుకే మిగతా సరుకు కొనకముందే రిబ్బుల సంగతి తేల్చుకోవాలి. ఆవిరిలో వంగాలంటే చెక్కలో తేమ ఉండాలి, 15 నుంచి 25 శాతం. ఫర్నిచర్ షాపుల్లో దొరికే యాష్ లాంటి దిగుమతి చెక్కలు బట్టీలో ఆరబెట్టి వస్తాయి. నాలుగైదు రోజులు నానబెట్టినా ముందరి వంగే గుణం పూర్తిగా తిరిగి రాదు, చాలా బద్దలు టప్పున విరుగుతాయి.

వెదురు ఈ పనికి దేవుడిచ్చినట్టు ఉంటుంది. సాధన వెదురు తీసుకోండి, నిచ్చెనలకీ కర్రలకీ వాడేది, లోపల బోలు తక్కువ. ముళ్ల వెదురు బొంగు పెద్దది కానీ గోడ మందం చోటుకో తీరు. బొంగు 6 నుంచి 8 సెంటీమీటర్ల మందం, గోడ కనీసం 10 మిల్లీమీటర్లు, వయసు మూడేళ్లు దాటినది. లేతది ఆరాక ముడతలు పడి కుదించుకుపోతుంది. వేలి కణుపుతో కొట్టి చూస్తే ముదురు బొంగు ఖంగుమంటుంది, లేతది మొద్దుగా మోగుతుంది. వెదురుతో బతికే మేదర్లు ఒక్క చూపులో చెప్పేస్తారు. బొంగు కొనేటప్పుడే వాళ్లతో చీలిపించుకుంటే మీ రెండు రోజుల పని వాళ్లు పూటలో పూర్తిచేస్తారు. రంపంతో కోసిన బద్దలు కాకుండా చీల్చినవే కావాలని చెప్పండి, చీల్చినప్పుడు పోగు తెగదు.

28 రిబ్బులకి 40 బద్దలు సిద్ధం చేసుకోండి. 25 మిల్లీమీటర్ల వెడల్పున చీల్చి, లోపలి మెత్తటి భాగాన్ని గీసేసి, 6 మిల్లీమీటర్లకి తెచ్చి, వెడల్పు 18కి సరిచెయ్యాలి. బయటి తొక్క వైపే బలం, కాబట్టి ఆ వైపు మందం తగ్గించకండి, పైనున్న మెరుపు పొర మాత్రం కత్తి వీపుతో గీకెయ్యండి. లేదంటే వార్నిష్ పట్టదు. కణుపు ఎక్కడ పడుతుందన్నదే అసలు కిటుకు. రిబ్బు గట్టిగా వంగేది రెండు మూల బద్దల దగ్గర. ఆ రెండు చోట్లా కణుపు రాకూడదు, మధ్యలో వెన్ను మీద వస్తే మేలు. అందుకని పొడవు లెక్కపెట్టి కొయ్యకముందే ప్రతి బద్ద మీద వంపులు వచ్చే చోట్లు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, కణుపుల్ని బట్టి అటూ ఇటూ జరిపి అప్పుడు కొయ్యండి.

పురుగు నివారణ తప్పనిసరి. పచ్చి వెదురులో పిండి పదార్థం ఉంటుంది, దానికోసం వచ్చే పురుగు లోపల్నుంచి పొడి చేసేస్తుంది. చట్రం కింద తెల్లటి పిండి రాలుతుంటే ఆలస్యమైనట్టే. బోరిక్ యాసిడ్ ఒక వంతు, బోరాక్స్ ఒకటిన్నర వంతు కలిపి 5 శాతం ద్రావణం చేసుకోండి: 40 లీటర్ల నీళ్లకి 800 గ్రాములు, 1,200 గ్రాములు. చీల్చిన బద్దలు వారం మునిగి ఉండాలి, తర్వాత నీడలో ఆరాలి. ఈ మందు నీళ్లలో కరిగి పోయేదే, కాబట్టి వంచడం పూర్తయ్యాక వార్నిష్ తప్పదు.

వంచేటప్పుడు లెక్క: 25 మిల్లీమీటర్ల మందానికి గంట ఆవిరి. అంటే 6 మిల్లీమీటర్ల బద్దకి 15 నుంచి 20 నిమిషాలు. ఎక్కువసేపు ఉంచితే మరింత మెత్తబడుతుందనుకోవద్దు, పోగు ఉడికి పెళుసవుతుంది. బయటికి తీశాక చేతిలో ఉండేది పది పదిహేను సెకన్లే. తొక్క వైపు బయటికి ఉండేలా వంచాలి. ఆవిరి పెట్టెగా పీవీసీ పైపు వాడితే వేడికి మెత్తబడి జారిపోతుంది, చెక్క పెట్టె చేసుకోండి. పెట్టెకి కింద చిన్న కన్నం ఉండాలి. నీళ్లు కారడానికీ, ఆవిరి లోపల బిగుసుకోకుండా ఉండటానికీ అదే దారి.

కోమింగ్ రింగుకి ఫర్నిచర్ పేము బాగుంటుంది. 20 మిల్లీమీటర్ల పేముని వేడి చేసి వంచి అంచుగా కట్టి, లోపల 5 మిల్లీమీటర్ల చెక్క పట్టీలు మూడు పొరలుగా ఎపాక్సీతో అతికిస్తే చాలు.

కట్టే దారం, మేకులు

ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల వలల దుకాణాల్లో నైలాన్ వల దారం కావాల్సినంత దొరుకుతుంది, బలానికి లోటు లేదు. కానీ నైలాన్ తడిస్తే సాగుతుంది. ఎండలో రాయిలా బిగించిన కట్టు నీళ్లలో గంట గడిచేసరికి వదులవుతుంది. పాలిస్టర్ దారం అడగండి, ఒకటిన్నర మిల్లీమీటర్ల లోపు మందం, 25 కిలోల పైన లాగినా తెగనిది. తేనెమైనం ముద్ద మీదుగా రెండుసార్లు లాగితే ముడి జారదు. ఈ పడవకి 150 మీటర్లు పడుతుంది. రిబ్బు వెన్నునీ మూలల్నీ దాటే చోట్లు 84, ఒక్కోదానికి మీటరు లెక్క. మిగతాది అడ్డకర్రలకి.

ఇనుప మేకు ఒక్కటి కూడా వద్దు. ఉప్పుగాలికి తుప్పు పట్టి, చుట్టూ చెక్కని నల్లగా తినేస్తుంది. వెదురుతో 5 మిల్లీమీటర్ల మేకులు చెక్కి దిగ్గొట్టండి. స్క్రూ తప్పకపోతే 316 రకం స్టెయిన్‌లెస్.

చట్రానికి అవిసె నూనె పట్టించమని చాలా చోట్ల రాస్తారు. మన తేమలో ఆ నూనె మీద నల్ల బూజు పెరుగుతుంది, పైగా నూనె గుడ్డలు ముద్దగా పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి. వార్నిష్ కొట్టండి.

గుడ్డ

నాలుగు రకాలు పరిశీలించదగినవి. మీ పడవ ఎక్కడ తిరుగుతుందో దాన్ని బట్టి ఎంపిక.

గుడ్డ 5.2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల పన్నా కావాలి. పడవ చుట్టుకొలత విశాలమైన చోట 1.4 మీటర్ల దాకా వస్తుంది, కుట్టు పై భాగం మధ్యలో పడుతుంది. గజం పన్నా గుడ్డని రెండు ముక్కలు కలిపి వాడితే కుట్టు నీటి కిందికి వెళ్తుంది, కారేది అక్కడే.

పూత లేని మందపాటి నైలాన్, 840 డెనియర్ పైన (డెనియర్ అంటే పోగు మందానికి కొలత), రాళ్ల మీద రాపిడికి అన్నిటికంటే ఎక్కువ ఓర్చుతుంది. దాని లోపం తేమ. గాల్లోంచి నైలాన్ తన బరువులో 4 శాతం తేమ పీల్చుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పీల్చదు. వానాకాలంలో నైలాన్ పడవ పొట్ట వదులై రిబ్బుల మధ్య లోపలికి పడుతుంది. అందుకే నైలాన్‌ని తడిగా ఉన్నప్పుడు లాగి కుట్టాలి, ఆరేసరికి బిగుస్తుంది. పాలిస్టర్‌ని పొడిగా కుట్టి, తర్వాత ఇస్త్రీ పెట్టెతో వేడి చేస్తే కుదించుకుని డోలులా బిగుస్తుంది, బిగువు చెడదు. విశాఖ గాలికి మా ఓటు పాలిస్టర్‌కే. రాళ్లున్న ఒడ్డుల్లో తిరిగేవాళ్లు మాత్రం నైలాన్.

కొనేటప్పుడు జాగ్రత్త: సంచులు కుట్టేవాళ్ల దగ్గర దొరికే 1680 డెనియర్ గుడ్డకి సాధారణంగా వెనక పూత ఉంటుంది. నీటి చుక్క వేసి చూడండి. చుక్క ముత్యంలా నిలబడితే పూత ఉన్నట్టే, మీరు వేసే పూత అందులోకి దిగదు, ఏడాదిలో పెచ్చులుగా లేస్తుంది. దేనితో నేసిందో తెలియకపోతే ఒక పోగు లాగి కాల్చండి. పాలిస్టర్ నల్లటి మసిపొగ వదిలి నల్లగా గడ్డకడుతుంది. నైలాన్ పొగ తెల్లగా ఉంటుంది, గడ్డ గోధుమ రంగు. కాగితంలా కాలి బూడిదైతే నూలు.

కోరా కాన్వాస్, చదరపు మీటరుకి 450 నుంచి 500 గ్రాములది, అందరికీ అందే ధరలో ఉంటుంది, కుట్టడం తేలిక. మైనం పట్టించిన కాన్వాస్ వద్దు, రంగు పట్టదు. ఆయిల్ పెయింట్ మొదటి కోటు పల్చగా, తర్వాత రెండు చిక్కగా. తడిగా మడిచి పెడితే నెలల్లో చివుకుతుంది. నేర్చుకోవడానికి కట్టే మొదటి పడవకి ఇది బాగా సరిపోతుంది.

లారీ టార్పాలిన్, అంటే పీవీసీ పూత ఉన్న పాలిస్టర్, 600 గ్రాముల పైది, పూత అక్కర్లేకుండానే నీళ్లాపుతుంది. ప్లైవుడ్ చట్రం పడవకి చక్కగా కుదురుతుంది. ఇది సాగదు, కాబట్టి కొసల దగ్గర మడతలు వస్తాయి, అక్కడ కోసి ఒకదాని మీద ఒకటి వేసి అతికించాలి. అతుక్కి వేడిగాలితో వెల్డింగ్ మేలు, లేదా పీవీసీ గుడ్డలకి వాడే పాలీయురేథేన్ జిగురు. పైపులకి వాడే సాల్వెంట్ సిమెంట్ గట్టిపడి మడత దగ్గర పగులుతుంది. సైకిల్ పంక్చర్ సొల్యూషన్ కొన్ని వారాల్లో జారిపోతుంది, ఎందుకంటే పీవీసీలోంచి ఊరే నూనె దాన్ని కరిగిస్తుంది.

నీలం రంగు పట్టాలు, ఫ్లెక్సీ బ్యానర్లతో పడవ కట్టొద్దు. పట్టాకి ఏ జిగురూ పట్టదు, ఎండకి నెలల్లో పొడిపొడి అయిపోతుంది. ఫ్లెక్సీ ఒక మూల చిరిగితే ఆ చిరుగు ఆగకుండా పోతుంది.

కుట్టడానికి వంపు తిరిగిన దబ్బనం, మైనం పట్టిన పాలిస్టర్ దారం. కుట్టు సందు సెంటీమీటరుకి మించకూడదు.

పూత, కాలం

రెండు భాగాలు కలిపే పాలీయురేథేన్ (పీయూ) పూత, లీటరున్నర నుంచి రెండు లీటర్లు. వంగే రకమే కావాలి. వడ్రంగులు బల్లలకి వాడే పీయూ మెరుస్తుంది కానీ గట్టిది, పడవ ఒంగిన ప్రతిసారీ వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. కొన్నదేదైనా ముందు చిన్న చట్రానికి గుడ్డ బిగించి మూడు కోట్లు వేసి, వారం ఆగి, ఇరవైసార్లు మడిచి విప్పండి. ఉప్పునీళ్ల బకెట్లో రెండు రోజులు ఉంచి, తడి ఇసుకతో రుద్దండి. ఇవన్నీ తట్టుకుంటే పడవకి వెయ్యండి.

ఈ పూతలోని గట్టిపరిచే ద్రవం గాల్లో తేమతో కలిసి కార్బన్ డయాక్సైడ్ విడుదల చేస్తుంది. పూతలో బుడగలు, సూది రంధ్రాలు వచ్చేది అందుకే. జూన్ నుంచి నవంబర్ దాకా విశాఖలో ఈ పని పెట్టుకోవద్దు. డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి నెలల్లో మంచు తొలగి గుడ్డ పొడిగా అయ్యాక, పది గంటలకి మొదలుపెట్టి మధ్యాహ్నం మూడింటికల్లా ఆపండి. మొదటి కోటు జిగటగా ఉండగానే రెండోది వెయ్యాలి, పూర్తిగా ఆరితే గీకక తప్పదు. తలుపులు తెరిచి, రసాయన ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు పెట్టుకుని చెయ్యండి, ముక్కుకి కట్టిన గుడ్డ పనికిరాదు. రంగు లేతది ఎంచుకోండి. ముదురు రంగు పడవ ఒడ్డున ఎండలో కాగి పూత తొందరగా ముసలిదవుతుంది.

రుషికొండ ఇసుక మీద ఈడ్చిన పడవకి మొదట అరిగేది వెన్ను బద్ద కింద గుడ్డ. అక్కడ అదే గుడ్డ 5 సెంటీమీటర్ల పట్టీ అదనంగా, పూతతోనే అతికించి ఉంచండి. అరిగితే పట్టీ మార్చుకోవచ్చు. మిగిలిన గుడ్డలో ఒక చదరపు మీటరు, పూతలో కొంచెం తెరవకుండా అతుకుల కోసం దాచండి.

గాలి సంచులు

ఈ పడవకి లోపల అడ్డుగోడలు ఉండవు. బోర్లా పడి నీళ్లు నిండితే చట్రం చెక్క కాబట్టి పూర్తిగా మునగదు, కానీ నోరు నీటి మట్టానికి దిగిపోతుంది, ఎంత తోడినా ఖాళీ కాదు. ముందు భాగంలో 30 నుంచి 40 లీటర్లు, వెనక 50 లీటర్ల గాలి సంచులు ఉండాలి. వాటికి కొనే ఖర్చు వద్దనుకునేవాళ్లు మిగిలిన టార్పాలిన్‌తో శంఖాకారంలో వెల్డ్ చేయించి వాల్వు పెట్టించుకోవచ్చు. లారీ ట్యూబు బాగా ఉబ్బిస్తే రిబ్బుల్ని బయటికి నెడుతుంది, వద్దు. మూతలు బిగించిన డబ్బాలు పెడితే జారి బయటికొస్తాయి. ఏవి పెట్టినా అడ్డకర్రలకి రెండు చోట్ల తాడుతో కట్టండి. పొద్దున్న నీడలో ఊదిన సంచి మధ్యాహ్నం ఎండలో ఉబ్బి చిట్లుతుంది, కాబట్టి ఒడ్డున ఉన్నప్పుడు కాస్త గాలి తీసి, నీళ్లలోకి దిగే ముందు మళ్లీ ఊదుకోండి.